అలీనా మీద గొడవ పడే ముందు: ఒకే హీరోయిన్ గురించి పది అభిప్రాయాల్ని అర్థం చేసుకోవడం ఎలా

లీ బార్డుగో రాసిన మూడు పుస్తకాల ఫాంటసీ కథ షాడో అండ్ బోన్ చదివినవాళ్ళు నలుగురు కలిస్తే దాని హీరోయిన్ అలీనా స్టార్కోవ్ మీద నాలుగు అభిప్రాయాలు బయటికొస్తాయి, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. ఆమె ఉత్త పిరికిదని ఒకరంటే, అదే సీన్ చూపించి ఎంత మొండిదో చూడు అంటారు ఇంకొకరు. చిన్నప్పటి స్నేహితుడు మాల్ కోసం ఏడవడం తప్ప ఏం చేసింది అని ఒకరు, మూడో పుస్తకం చివర్లో ఆమెకి ఘోరమైన అన్యాయం జరిగిందని మరొకరు. ఇన్ని మాటలు విన్నాక పుస్తకం ఇంకా మొదలుపెట్టనివాళ్ళకి అసలు చదవాలా వద్దా అని అనుమానం వస్తుంది, చదివినవాళ్ళకేమో మనం చదివింది వేరే పుస్తకమా అనిపిస్తుంది. ఈ అభిప్రాయాల్ని ఎలా విడదీసి చూడాలో, మనది మనం ఎలా తేల్చుకోవాలో, ఫ్రెండ్స్‌తో మాట్లాడేటప్పుడు ఏం అడగాలో రాస్తున్నాను. మూడు పుస్తకాల కథా ముగింపుతో సహా వస్తుంది కాబట్టి చదవబోయేవాళ్ళు ముందు చదివేసి రండి.

నా నమ్మకం ఒకటుంది. ఒక పాత్ర మీద జరిగే వాదనల్లో చాలావరకు ఇద్దరూ ఒకే విషయం గురించి మాట్లాడుకోరు. ఒకరు ఆ అమ్మాయి స్వభావం గురించి, ఇంకొకరు రచయిత్రి పనితనం గురించి, మూడోవాళ్ళు ముగింపు గురించి మాట్లాడుతూ అందరూ "అలీనా నచ్చలేదు" అనే మాటే వాడతారు. ఆ ముడి విప్పితే సగం గొడవ అక్కడే పోతుంది.

అన్నిటికంటే ముందు, ఏ అలీనా గురించి మాట్లాడుతున్నారో అడగండి. మొదటి పుస్తకం 2012లో వచ్చింది, సీజ్ అండ్ స్టార్మ్ 2013లో, రూయిన్ అండ్ రైజింగ్ 2014లో. నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 2021 ఏప్రిల్‌లో మొదలై, 2023 మార్చిలో రెండో సీజన్ వచ్చి, అదే ఏడాది నవంబర్‌లో ఆగిపోయింది. మనలో చాలామంది ముందు సిరీస్ చూసి తర్వాత పుస్తకం పట్టుకున్నవాళ్ళే, ఈ రెండింట్లో ఉన్నది నిజంగా ఇద్దరు వేరు వేరు అమ్మాయిలు. సిరీస్‌లో జెస్సీ మే లీ వేసిన అలీనా సగం షు జాతి మనిషి, అంటే తన దేశానికి శత్రువైన పొరుగు దేశం పోలికలున్న పిల్ల, సొంత సైన్యంలోనే ముఖం చూసి అవమానించేవాళ్ళు ఉంటారు, ఆమె ఎందుకు ముడుచుకుపోయిందో ప్రేక్షకులకి కళ్ళ ముందే కనిపిస్తుంది. పుస్తకంలో ఆ కోణం లేదు. అక్కడ ఆమె కెరమ్జిన్ అనే ఊళ్ళో ఒక డ్యూక్ ఎస్టేట్‌లో మాల్‌తో కలిసి పెరిగిన అనాథ, పీలగా ఉండి ఎప్పుడూ నీరసపడే పిల్ల, సైన్యంలో మ్యాపులు గీసే పనిలో ఉంటుంది. పైగా సిరీస్‌లో మాల్ ఆమె కోసం పడే తిప్పలు మనకి విడిగా చూపిస్తారు, అందుకని ఆమె బెంగకి ఒక జవాబు కనిపిస్తుంది. పుస్తకంలో అలీనా ఉత్తరాలు రాస్తుంది, జవాబు రాదు, మనం కూడా ఆమెతో పాటు ఆ జవాబు రాని గదిలోనే కూర్చోవాలి. ఆ పేజీలకి విసుగొచ్చినవాళ్ళని నేను తప్పుపట్టను. సిరీస్ చివర్లో ఆమె శక్తి పోదు కూడా, దానికి ఇంకో చీకటి కోణం తగులుకుంటుంది. సిరీస్ మాత్రమే చూసినవాళ్ళతో ముగింపు గురించి వాదిస్తే అది ఎక్కడికీ వెళ్ళని వాదన.

ఇంకో ప్రశ్న కూడా వేయండి, ఏది ముందు చదివావు అని. ఇదే ప్రపంచంలో 2015లో వచ్చిన సిక్స్ ఆఫ్ క్రోస్ చదివి వెనక్కొచ్చినవాళ్ళు అందులోని అమ్మాయిలు ఇనెజ్‌నీ నీనానీ మనసులో పెట్టుకుని అలీనాని చూస్తారు. షాడో అండ్ బోన్ బార్డుగో మొదటి నవల, అది గుర్తు పెట్టుకుని చదివితే కొన్ని కోపాలు తగ్గుతాయి.

తర్వాతది నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది. ముందూ చివరా ఉన్న చిన్న భాగాలు తప్ప ఈ కథంతా అలీనా "నేను" అంటూ చెప్పుకునేదే. తన గురించి తను చాలా తక్కువగా మాట్లాడుకుంటుంది. పాలిపోయి ఉంటాను, బక్కగా ఉంటాను, దేనికీ పనికిరాను అని. చాలామంది పాఠకులు ఆ మాటల్ని నిజాలుగా తీసేసుకుని "ఏమీ చేతకాని అమ్మాయి" అని తీర్పు చెప్పేస్తారు. అలా కాకుండా ఒక కాగితం మీద రెండు వరసలు గీయండి. ఒక పక్క ఆమె తన గురించి అనుకున్న మాటలు, ఇంకో పక్క ఆమె చేసిన పనులు. దేశాన్ని రెండుగా చీల్చిన ఫోల్డ్ అనే చీకటి ప్రాంతంలో, వోల్క్రాలు అనే రెక్కల రాక్షసులు మీద పడినప్పుడు మాల్‌కి అడ్డం పడుతుంది, ఆమెలో దాగిన వెలుగు శక్తి అక్కడే బయటికొస్తుంది. తనని చేరదీసిన, చీకటిని శాసించే డార్క్‌లింగ్ అసలు ఎవరో తనకి శిక్షణ ఇచ్చే బాగ్రా చెప్పిన రాత్రే, అప్పటిదాకా తనకి దొరికిన మంచి తిండి, మంచి బట్టలు, గౌరవం అన్నీ వదిలి ఒక్కతే పారిపోతుంది. చంపితే తన శక్తిని ఎంతో పెంచే దుప్పి ఎదురుగా నిలబడితే చంపకుండా వదిలేస్తుంది. ఇవి రాశాక పిరికిది అనే మాట మిగులుతుందో లేదో మీరే చూడండి.

అయితే మొదటి పుస్తకం మధ్య భాగంలో ఆమె నిజంగానే అందరూ చెప్పినట్టు ఆడుతుంది. తీసుకెళ్ళారు, వెళ్ళింది. అలంకరించారు, నిలబడింది. శిక్షణ ఇచ్చారు, రాలేదు. ఇది నచ్చలేదు అనేవాళ్ళ మాటలో నిజం ఉంది. కానీ దానికి కారణం కథలోనే ఉంది. చిన్నప్పుడు గ్రీషా శక్తి (ఈ లోకంలో కొందరికి పుట్టుకతో వచ్చే మంత్రశక్తి లాంటిది) ఉందా అని పరీక్షించడానికి మనుషులు వచ్చినప్పుడు, మాల్ నుంచి విడదీస్తారన్న భయంతో ఆమె తన శక్తిని లోపలే నొక్కిపెట్టేసింది, ఆ నొక్కిపెట్టడం వల్లే ఏళ్ళ తరబడి ఆకలి లేదు, నిద్ర లేదు, ఒళ్ళు లేదు. ఆ పట్టు వదిలిన రోజు నుంచి తినడం మొదలుపెడుతుంది, నిద్రపోతుంది, మనిషి తేరుకుంటుంది. త్వరత్వరగా చదివితే ఇది ప్రేమకథలో ఒక మలుపులా కనిపిస్తుంది. ప్రేమ పేరుతో ఒక పిల్ల తనకి తాను చేసుకున్న హాని గురించి రాసిన భాగంగా నేను చదివాను, అందుకే ఆ అధ్యాయాలంటే నాకు ప్రాణం. ఇంటర్‌కే ఇల్లు వదిలి హాస్టల్లో చేరి, నలుగురిలో కలిసిపోవడానికి తనలో కొంత దాచేసుకున్నవాళ్ళకి ఈ భాగం వేరే రకంగా తగులుతుంది, అలాంటివాళ్ళు మీ మధ్య ఉంటే వాళ్ళని తప్పకుండా మాట్లాడనివ్వండి.

ఇప్పుడు అభిప్రాయాల్ని విడదీయడం. ఎవరైనా నచ్చలేదు అనగానే మనసులో మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇలాంటి మనిషి అంటేనే వీళ్ళకి పడదా? పాత్రని సరిగ్గా రాయలేదని అంటున్నారా? లేక కథ ఆమెకి చేసినదాని మీద కోపమా? మొదటిది రుచికి సంబంధించింది, దాని మీద వాదించకండి, విని ఊరుకోండి. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకి టీనేజ్ అమ్మాయి నిర్ణయాలు చిరాకు తెప్పించడం సహజం, ఈ పుస్తకాలు రాసిందే ఆ వయసు పాఠకుల కోసం. రెండోదానికి పేజీ చూపించమని అడగండి, అక్కడ మంచి చర్చ వస్తుంది. మూడోది వచ్చిందంటే మాత్రం టీ పెట్టుకుని తీరిగ్గా కూర్చోవాలి.

ఎందుకంటే ఆ ముగింపు మామూలుది కాదు. దుప్పి లాగే శక్తిని పెంచేదని అలీనా వెతుకుతున్న మూడో శక్తివర్ధకం మాలే అని తెలుస్తుంది, చివరి యుద్ధంలో అతని ఇష్టంతోనే అతన్ని పొడుస్తుంది. ఆమె అనుకున్నట్టు శక్తి పెరగదు, ఆమెని వదిలేసి ఏ శక్తీ లేని మామూలు జనంలోకి పాకిపోతుంది, ఆ జనమంతా కలిసి ఫోల్డ్‌ని వెలుగుతో నింపేస్తారు. డార్క్‌లింగ్‌ని ఆమె కత్తితో చంపుతుంది. మాల్‌ని బతికిస్తారు. జనం సూర్యశక్తి సాధ్విగా కొలిచిన అలీనా చనిపోయిందని లోకం నమ్ముతుంది, వీళ్ళిద్దరూ పేరు లేకుండా కెరమ్జిన్‌కి వెళ్ళి అనాథ పిల్లల్ని పెంచుతూ ఉండిపోతారు. దీని మీద ఒక పక్షం అనేది, శక్తి ఆశించిన ఆడపిల్లకి శక్తి లాక్కుని ఇల్లు చేతిలో పెట్టారని. రెండో పక్షం అనేది, ఆ శక్తి మీద ఆకలి ఆమెని డార్క్‌లింగ్‌లా మార్చేస్తోందని రెండో పుస్తకం నుంచీ చూపిస్తూనే ఉన్నారు కాబట్టి ఇదే ఆమెకి విముక్తి అని.

ఇక్కడ రెండు విషయాల్ని వేరు చేయమని అడగండి. శక్తి పోవడం ఆమె ఎంచుకున్నది కాదు. ఆ తర్వాతి బతుకు మాత్రం ఎంచుకున్నదే, రాణివి కమ్మని రాజవంశపు నికొలాయ్ అడిగినా ఆమె కాదంది. ఈ తేడా చెప్పకుండా "ఆమె ఇష్టం" అనేవాళ్ళూ "ఆమెని అణిచేశారు" అనేవాళ్ళూ ఎంతసేపైనా అరుచుకోవచ్చు. ఇంకోటి కూడా చూపించండి: మూడు పుస్తకాల పొడవునా "నేను" అని చెప్పిన గొంతు చివరి భాగంలో ఆగిపోతుంది, ఆ అబ్బాయి, ఆ అమ్మాయి అంటూ ఎవరో బయటినుంచి చెప్తారు. ఆమె గొంతే తీసేశారని అనొచ్చు, ఎట్టకేలకు ఆమెని అందరి చూపుల నుంచీ తప్పించారని కూడా అనొచ్చు. నా మట్టుకు నాకు ముగింపు తప్పు కాదు, కానీ పోయిన శక్తి కోసం ఆమె పడే దుఃఖానికి ఇంకా చాలా పేజీలు ఇవ్వాల్సింది.

డార్క్‌లింగ్ అభిమానులతో మాట్లాడేటప్పుడు కాస్త ఓపిక కావాలి. విలన్ నచ్చడంలో తప్పేమీ లేదు, అతన్ని అంత బాగా రాసింది కూడా ఆ రచయిత్రే. కానీ అతని ఒంటరితనం చూసి అన్నీ క్షమించి, అలీనా తడబాటుని మాత్రం క్షమించలేకపోతుంటే, రెండింటికీ ఒకే కొలత వాడుతున్నామా అని అడగండి. ఆమె మెడకి ఆ దుప్పి కొమ్ముల పట్టీ వేసి ఆమె శక్తిని తన చేతిలోకి తీసుకున్నది అతను, మనుషులున్న ఊరి మీదికి ఫోల్డ్‌ని తోసింది అతను. ఇదే కొలత అలీనా అభిమానులకీ పెట్టాలి. మొదటి పుస్తకం చివర ఆమె మాల్‌తో ఆ పడవ లాంటి బండి దిగి, వెలుగు తనతో తీసుకెళ్ళి, డార్క్‌లింగ్‌తో పాటు అందులో ఉన్న మిగతావాళ్ళందర్నీ వోల్క్రాలకి వదిలేసింది. ఆ చావుల బరువు రెండో పుస్తకంలో ఆమెని వదలదు. ఆమెని అమాయకురాలు అనేవాళ్ళు ఈ సీన్‌ని దాటేసి మాట్లాడతారు, దాటనివ్వకండి. నాకైతే ఆమె ఇష్టమైన పాత్ర అయింది ఈ సీన్ తర్వాతే.

చర్చ మీరే నడిపిస్తుంటే, నచ్చనివాళ్ళని ముందు మాట్లాడనివ్వండి, లేకపోతే మెచ్చుకోళ్ళు అయ్యాక వాళ్ళు నోరు విప్పరు. "ఎందుకు నచ్చలేదు" అని అడిగితే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది, "ఎక్కడ నచ్చడం మానేసింది" అని అడగండి, మనిషి వెంటనే ఒక సీన్ చెప్తారు. సగంలో ఆపేసినవాళ్ళ మాట కూడా లెక్కలోదే, ఆ సగం వరకు. "నీకు అర్థం కాలేదు" అనే మాట ఎవరి నోట వచ్చినా అక్కడే ఆపండి. ఇంట్లో టీనేజ్ పిల్లలు ఈ పుస్తకం ఇష్టపడుతుంటే మరీ జాగ్రత్త, ఆ వయసులో హీరోయిన్‌ని తెలివితక్కువది అంటే తమనే అన్నట్టు తీసుకుంటారు, అలా అని మన అభిప్రాయం దాచక్కర్లేదు, సీన్ పట్టుకుని చెప్తే చాలు.

ఇంకా చదవని స్నేహితులెవరైనా రివ్యూలు చూసి తేల్చుకుంటామంటే, మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళవి ముందు చదవమనండి. ఐదు, ఒకటి ఇచ్చినవాళ్ళు మనసులో మాట రాస్తారు, మూడు ఇచ్చినవాళ్ళు ఏది పని చేసిందో ఏది చేయలేదో రెండూ రాస్తారు. వాళ్ళు పెట్టిన ఫిర్యాదు మీకు అసలు అడ్డమే కాదనిపిస్తే పుస్తకం కొనేయండి.

చివరికి మీ అభిప్రాయం రాసేటప్పుడు ఏ పుస్తకం, ఏ సీన్, ఎలాంటి ఫిర్యాదు అన్న మూడూ ఉండేలా చూసుకోండి. "అలీనా బోర్" అని రాస్తే ఎవరికీ జవాబు చెప్పే వీలుండదు. "మొదటి పుస్తకంలో గ్రీషాలు ఉండే లిటిల్ ప్యాలెస్‌కి వచ్చాక శక్తి బయటపడేదాకా ఆమె తనంతట తాను ఒక్క నిర్ణయమూ తీసుకోలేదు, కారణం తర్వాత చెప్పారు కానీ అప్పటికే నా ఓపిక అయిపోయింది" అని రాయండి, దానికి నాలాంటివాళ్ళు కనీసం ఒక గంట మాట్లాడతారు.