షాక్ అబ్జార్బర్లు మార్చేటప్పుడు కంపెనీవా, బయటివా: ఎలా నిర్ణయించుకోవాలి?

కారు షాక్ అబ్జార్బర్లు పోయాయని మెకానిక్ చెప్పగానే చాలామంది ధరల గురించి అడగడం మొదలుపెడతారు. షోరూమ్‌లో దొరికే కంపెనీ పార్టు వేయించాలా, విడిభాగాల దుకాణంలో తక్కువకు వచ్చే బయటి రకం వేయించాలా అన్నది ఆ తర్వాత తేల్చవలసిన విషయం. ముందుగా అవి నిజంగా పోయాయో లేదో చూసుకోవాలి.

మొదట లోపం నిర్ధారించుకోండి

బండి బరువు మోసేది స్ప్రింగు. గతుకులో దిగి లేచిన స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. దాని లోపలి పిస్టన్ సన్నని రంధ్రాల గుండా నూనెను నెట్టినప్పుడు ఆ ఊపు వేడిగా మారి అణగిపోతుంది. కాబట్టి బండి వెనుక భాగం కిందికి కూర్చుందంటే అనుమానించవలసింది స్ప్రింగును. చిన్న గతుకులకే టకటకమని చప్పుడు వస్తుంటే ముందు లింక్ రాడ్లు, కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్‌ను బాడీకి పట్టి ఉంచే పై మౌంట్లు చూడమనాలి; అవి షాక్ అబ్జార్బర్ల కంటే చాలా తక్కువ ఖర్చుతో తీరే లోపాలు. షాక్ అబ్జార్బర్ పైభాగాన పలుచని నూనె చెమ్మ, దానికి అంటిన దుమ్ము ఉన్నంత మాత్రాన భయపడనక్కరలేదు. నూనె కిందిదాకా కారి తడిగా ఉన్నా, స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడు సార్లు ఊగుతున్నా, టైరు మీద అక్కడక్కడా గుంటలు పడినట్లు అరిగినా మార్చవలసిందే.

దొరికే రకాలను విడదీసి చూడండి

వాహన సంస్థలు షాక్ అబ్జార్బర్లను చాలావరకు తాము తయారు చేసుకోవు. విడిభాగాల సంస్థల నుంచి కొంటాయి. ఉదాహరణకు 1961లో స్థాపించిన గాబ్రియేల్ ఇండియా వాహన కర్మాగారాలకు సరఫరా చేస్తూనే తన పేరుతో బయటి మార్కెట్లోనూ అమ్ముతుంది. అందువల్ల బయటి పార్టు అనగానే నాసిరకమని కొట్టిపారేయడం సరికాదు. అలాగని ఒకే సంస్థ పేరు ఉన్నంత మాత్రాన లోపలి వాల్వుల అమరిక కూడా కంపెనీ పార్టులోలాగే ఉంటుందనీ అనుకోకూడదు. ఇక పేరున్న సంస్థ పెట్టెను అనుకరించిన డూప్లికేట్లు, పాతవాటికి రంధ్రం చేసి నూనె నింపి రంగు వేసిన రీకండిషన్ సరుకు అనే మరో కోవ ఉంది. ఆ కోవలోది ఎంత చవకైనా వద్దు. ఎందుకంటే షాక్ అబ్జార్బర్ పాడైతే కుదుపు పెరగడమే కాదు, టైరుకు రోడ్డుపై పట్టు తగ్గి బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరం కూడా పెరుగుతుంది.

మీ దారిని బట్టి ఎంచుకోండి

ఒంగోలు, నెల్లూరు మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీదే ఎక్కువగా తిరిగే, వారంటీలో ఉన్న కారుకు కంపెనీ పార్టే మేలు. చీమకుర్తి క్వారీల వైపు గతుకుల్లో రోజూ నడిచే బండిలో నూనె వేడెక్కి నురగ కడుతుంది, దాంతో అదుపు తగ్గుతుంది. నైట్రోజన్ గ్యాస్ నింపిన రకం ఆ నురగను తగ్గిస్తుంది. మీ మోడల్‌కు పేరున్న సంస్థ అలాంటిది చేస్తుంటే, వారంటీ దాటిన బండికి నేనైతే దానికే ఓటు వేస్తాను. అయితే గట్టి రకం వేస్తే ఎక్కువ బరువు వేయవచ్చనే మాట నమ్మకండి. మోసే శక్తి దానితో పెరగదు. కొత్తపట్నం, కృష్ణపట్నం వంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి షాక్ అబ్జార్బర్ పిస్టన్ రాడ్డు మీద తుప్పు చుక్కలు పడితే అవి నూనె కారకుండా ఆపే ఆయిల్ సీల్‌ను కోసేస్తాయి. క్వారీ దుమ్ము చేసే పని కూడా అదే. ఈ రెండు చోట్లా పార్టు ఏ పేరుదన్న దానికంటే, రాడ్డును కప్పే రబ్బరు డస్ట్ కవరు కొత్తది వేశారా లేదా అన్నదే ముఖ్యం కావచ్చు.

మొత్తం పనికి ధర అడగండి

రెండు రకాలకూ విడివిడిగా అంచనా రాయించుకోండి. అందులో జత షాక్ అబ్జార్బర్లు, మౌంట్లు, బంప్ స్టాపర్లు, డస్ట్ కవర్లు, కూలీ, వీల్ అలైన్‌మెంట్ అన్నీ ఉండాలి. ఒక ఇరుసుకు ఉన్న రెండింటినీ కలిపే మార్చాలి, ఒక్కటే మారిస్తే రెండు చక్రాలు ఒకేలా స్పందించవు. చౌక పార్టుతో మళ్లీ ఏడాదికే అన్నీ విప్పవలసి వస్తే కూలీ, అలైన్‌మెంట్ ఖర్చు రెండోసారి పడుతుంది.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

ఛాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు తీసుకోండి. ఒకే పేరున్న కారులోనూ పెట్రోలు, డీజిలు రకాలకు వేరువేరు పార్టులు ఉండవచ్చు, ముందు స్ట్రట్‌లకు, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకటిగా అమర్చిన భాగాలకు, సాధారణంగా కుడి ఎడమలు వేరుగా ఉంటాయి. పెట్టె మీది నంబరు, పార్టు మీద ముద్రించిన నంబరు ఒకటేనా చూసి, ఆ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు ఇవ్వలేని దుకాణంలో వారంటీ మాటకు విలువ లేదు.

ముందు స్ట్రట్ విప్పడం ఇంట్లో ప్రయత్నించవలసిన పని కాదు. నొక్కి ఉంచిన స్ప్రింగు జారితే ప్రాణాపాయం. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న షెడ్డులోనే చేయించండి. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడ్డాకే చివరి బిగింపు బిగించమనండి. జాకీ మీద ఉండగా బిగిస్తే బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. అలైన్‌మెంట్ చేయించి, కొద్ది రోజులు తిరిగాక నూనె చెమ్మ, బోల్టుల బిగువు మరోసారి చూపించండి.