సీజన్ క్యాంపులో పాత ఎస్టీపీ మార్చాలంటే: గుంత తవ్వే ముందే పీసీబీ అనుమతి

మొయినాబాద్, చేవెళ్ల, వికారాబాద్ వైపు వేసవి క్యాంపులు నడిపేవాళ్లకు ఏదో ఒక రోజు ఈ పని తప్పదు. సెప్టిక్ ట్యాంకు పొర్లుతుంది, లేదా పదేళ్ల కిందటి ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఏం చేసినా వాసన ఆపదు. అప్పుడు మొదట వచ్చే అనుమానం, ఉన్నదాన్నే మార్చుకుంటున్నాం కదా, మళ్లీ అనుమతి ఎందుకు అని. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టంలో 25వ సెక్షన్ దీనికి సూటిగా జవాబు చెబుతుంది. శుద్ధి వ్యవస్థ కొత్తగా కట్టినా, మురుగు బయటికి వదిలే దారిని మార్చినా కాలుష్య నియంత్రణ బోర్డు (పీసీబీ) సమ్మతి ముందే తీసుకోవాలి. పాత సీఎఫ్ఓ (ప్లాంటు నడపడానికి బోర్డు ఇచ్చే సమ్మతి) గడువు ఇంకా మిగిలి ఉన్నా సరే, సామర్థ్యం, పద్ధతి, నీళ్లు వదిలే చోటు వీటిలో ఏది మారినా రెండు మెట్లు ఎక్కాల్సిందే. తవ్వకానికి ముందు సీఎఫ్ఈ (కట్టడానికి ఇచ్చే సమ్మతి), నడపడానికి ముందు సీఎఫ్ఓ. రెండింటికీ తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి అనేది వేరే సంగతి. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరినప్పుడే దాని ప్రస్తావన వస్తుంది, మామూలు క్యాంపులు అంతదాకా వెళ్లవు.

సగటు లెక్కతో వెళ్తే దెబ్బతింటారు

దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది నీటి లెక్క దగ్గరే. ఏడాది మొత్తం వాడకాన్ని 365తో భాగించి ‘5 కేఎల్‌డీ’ (రోజుకు 5,000 లీటర్లు) అని రాసేస్తారు. తనిఖీకి వచ్చిన ఇంజినీరు మంచాలు లెక్కపెడితే ఆ అంకె అక్కడే కూలిపోతుంది. సీజన్ క్యాంపుకు రెండు లెక్కలు ఉండాలి: నిండుగా ఉన్న రోజుది ఒకటి, ఖాళీగా ఉన్న నెలది ఒకటి. రెండూ కాగితం మీద కనిపించాలి.

ఉదాహరణకు 150 మంది పిల్లలు, 20 మంది సిబ్బంది రాత్రి బస చేస్తారనుకుందాం. పగలు వచ్చి పోయేవాళ్లు 60 మంది. బస చేసేవాళ్లకు తలకు 135 లీటర్లు, పగటివాళ్లకు 45 లీటర్లు వేస్తే 22,950, 2,700 కలిపి 25,650 లీటర్లు. అందులో 80 శాతం మురుగు అవుతుంది, అంటే దాదాపు 20.5 కేఎల్‌డీ. దీనికి 25 కేఎల్‌డీ ప్లాంటు చాలు. జూలైలో అక్కడ ఎనిమిది మంది కాపలావాళ్లే ఉంటే వచ్చే మురుగు 900 లీటర్లు కూడా ఉండదు. 25 కేఎల్‌డీ ప్లాంటులో మురుగును తినే సూక్ష్మజీవులను ఆ కాస్త మురుగుతో బతికించడం కష్టం. అందుకే ఒకే పెద్ద ట్యాంకు బదులు 12.5 కేఎల్‌డీవి రెండు వరసలు (విడివిడిగా నడిచేవి) పెట్టించండి. సీజన్ అయ్యాక ఒకదాన్నే నడుపుకోవచ్చు. దరఖాస్తుతో ఇచ్చే డిజైన్ రిపోర్టులో ఈ ఏర్పాటు ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి, అడగబోయే సగం ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది.

రోజు లోపలి ఎగుడుదిగుళ్లు కూడా చూడాలి. క్యాంపులో అందరూ పొద్దున 6 నుంచి 9 లోపే స్నానాలు చేస్తారు. రోజు మురుగులో 40 శాతం ఆ మూడు గంటల్లోనే వస్తే 8,200 లీటర్లు. ప్లాంటు గంటకు 1,000 లీటర్లే తీసుకుంటే 5,000 లీటర్ల పైచిలుకు ఎక్కడో ఒకచోట నిలవాలి. అందుకు మురుగును ఆపి ప్లాంటుకు సమంగా పంపే ఈక్వలైజేషన్ ట్యాంకు కనీసం 10 క్యూబిక్ మీటర్లు, అంటే 12 గంటల నిల్వకు ఉంచండి. దాంట్లో గాలి బుడగల గొట్టాలు వేయకపోతే మధ్యాహ్నానికే కుళ్లు వాసన మొదలవుతుంది. వంటగది నీళ్లను గ్రీజ్ ట్రాప్ (నూనెను ఆపే తొట్టి) దాటించి గానీ ఇందులోకి వదలకూడదు. నూనె పేరుకున్న ఎంబీబీఆర్ మీడియా (సూక్ష్మజీవులు పట్టుకుని పెరిగే ప్లాస్టిక్ ముక్కలు) మీద జీవపొర పట్టదు.

శుద్ధి ప్రమాణం విషయంలో లోభం వద్దు. 2017 అక్టోబరు నోటిఫికేషన్ బీఓడీని (నీటిలోని సేంద్రియ మలినాన్ని చెప్పే కొలత) మెట్రో నగరాల్లో లీటరుకు 20 మిల్లీగ్రాములు, మిగతాచోట్ల 30 అంది. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రైబ్యునల్ 10కి దించమంది. మొదటి నుంచీ 10కే డిజైన్ చేయించుకుంటే తర్వాత ఫిల్టర్లు అతికించుకునే బాధ ఉండదు.

శుద్ధి చేసిన నీళ్లు ఎటు పోతాయి?

బోర్డు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ‘తోటకు’ అని ఒక్క మాట రాస్తే సరిపోదు. వేసవిలో పచ్చికకు చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల చొప్పున వేసుకుంటే 20,000 లీటర్లకు 4,000 చదరపు మీటర్లు, దాదాపు ఎకరం కావాలి. ఆ ఎకరాన్ని ప్లానులో గీసి చూపించండి. దసరా సెలవుల్లో కూడా క్యాంపు పెడితే అప్పటికి నేల తడిగానే ఉంటుంది. చేవెళ్ల వైపు నల్లరేగడి అయితే నీళ్లు అసలు ఇంకవు. అందుకు టాయిలెట్ ఫ్లషింగ్‌కు విడి పైపులైను, కొన్ని రోజులకు సరిపడా నిల్వ ట్యాంకు చూపాలి.

స్థలం సంగతి ముందే తేల్చుకోండి. పక్కన చెరువో కుంటో ఉంటే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి ఎంత దూరమో కొలిపించాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టకూడని జాగా. ట్యాంకు మూల ఒక్కటి అందులో పడ్డా ఫైలు కదలదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక గ్రామాలు 84. అక్కడి నిర్మాణాలపై 1996 నాటి జీఓ 111 (ప్రభుత్వ ఉత్తర్వు) పెట్టిన ఆంక్షలను 2022లో జీఓ 69 సడలించినా, జలాశయాల నీరు చెడకూడదన్న షరతు అందులోనూ ఉంది. ఆ ఊళ్లలో ఉన్న క్యాంపు బయటికి చుక్క కూడా వదలని డిజైన్‌తోనే వెళ్లడం మేలు. హైదరాబాద్ తాగిన నీళ్లవి.

కాగితాల్లో భూమి పత్రాలు లేదా లీజు, భవన అనుమతి, పాత సీఎఫ్ఓ ప్రతి, నీటి లెక్క, డిజైన్ రిపోర్టు, ఫ్లో డయాగ్రమ్, పెట్టుబడికి సీఏ సర్టిఫికెట్ ఉండాలి. ఫీజు ఆ పెట్టుబడిని బట్టే పడుతుంది. సైట్ ప్లాను కొలతకు గీసినదై ఉండాలి. పాత ట్యాంకు, కొత్తది, బోర్లు, వంటగది, జనరేటర్, వాలు దిశ అన్నీ అందులో కనిపించాలి. పాత ట్యాంకును ఏం చేస్తారో రాయకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

పనిని క్యాలెండర్‌కు కట్టేయండి

మే చివర క్యాంపు ముగియగానే జూన్‌లో దరఖాస్తు పెట్టండి. తవ్వకం వానలు వెనక్కి తగ్గాక అక్టోబరులో మొదలుపెట్టి జనవరికి ముగించాలి. ఇక్కడ రెండు మూడు మీటర్లకే రాయి తగలొచ్చు, బ్రేకర్ ఖర్చు, గడువు ముందే కలుపుకోండి. ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) ట్యాంకులు పెడుతుంటే ఒక జాగ్రత్త. గుంతలోకి వాననీరు చేరితే ఖాళీ ట్యాంకు పడవలా పైకి తేలి పైపులన్నీ తెంపేస్తుంది. కింద కాంక్రీటు బెడ్ వేసి పట్టీలతో బిగించాలి, చుట్టూ ఇసుక నింపుతున్నంతసేపూ లోపల నీళ్లు నింపుతూ రావాలి.

పాత సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయడానికి సక్షన్ బండినే పిలవండి, ఆ మడ్డి అధికారిక శుద్ధి కేంద్రానికే చేరినట్టు రసీదు తీసుకోండి. మనిషిని మాత్రం లోపలికి దింపొద్దు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం, అంతకన్నా ముందు అది ప్రాణం. ట్యాంకులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దాటితే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన రావడం లేదంటే గ్యాస్ పోయిందని అర్థం కాదు. ఖాళీ అయ్యాక సున్నం చల్లి, అడుగు స్లాబును పైనుంచే మెషిన్‌తో పగలగొట్టించి మొరంతో పూడ్చాలి. ప్రతి దశలోనూ తేదీ పడేలా ఫొటోలు ఉంచితే సీఎఫ్ఓ దరఖాస్తుకు పనికొస్తాయి.

ఇక అసలు చిక్కు. సీఎఫ్ఓ తనిఖీకి ప్లాంటు నడుస్తూ ఉండాలి, క్యాంపేమో ఖాళీ. ఫిబ్రవరిలో నడుస్తున్న ఏదైనా ఎస్టీపీ నుంచి జీవమడ్డి తెచ్చి వేయండి. లేకపోతే సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి మూడు వారాలైనా పడుతుంది. మురుగు చాలకపోతే బెల్లం నీళ్లు పోస్తారు, మంచిదే, కానీ బెల్లంలో నత్రజని, భాస్వరం చాలినంత లేవు. బీఓడీ, నత్రజని, భాస్వరం 100:5:1 పాళ్లలో ఉండాలంటే కిలో బీఓడీకి 90 గ్రాముల యూరియా, 50 గ్రాముల డీఏపీ కలపాలి. ఇవి లేకుండా ఒట్టి బెల్లం పోస్తే దారపు బ్యాక్టీరియా పెరిగి మడ్డి అడుగుకు దిగదు, క్లారిఫయర్ (మడ్డిని అడుగుకు దించే ట్యాంకు) మీద తేలుతుంది. మార్చిలో ఒక వారాంతం నిండు బృందాన్ని దింపి అప్పుడే శాంపిల్ తీయించండి. బీఓడీ సీసా ఐస్ డబ్బాలో 4 డిగ్రీల దగ్గర ల్యాబుకు చేరాలి. కోలిఫాం (మురుగులోని బ్యాక్టీరియా) పరీక్ష సీసా స్టెరైల్‌దై ఉండాలి, నీటిలో క్లోరిన్ ఉంటే సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ వేయించాలి. లేకపోతే క్లోరిన్ సీసాలోనూ సూక్ష్మజీవులను చంపుతూనే ఉంటుంది, ఉన్నదానికన్నా తక్కువ సంఖ్య వస్తుంది. ఇన్‌లెట్, అవుట్‌లెట్ ఫ్లో మీటర్లు, ఎస్టీపీకి విడి కరెంటు మీటరు తనిఖీ నాటికి బిగించి ఉండాలి. ఆ కరెంటు మీటరు చూస్తే బ్లోయర్ (ప్లాంటుకు గాలి ఊదే యంత్రం) రాత్రిళ్లు తిరుగుతోందో లేదో ఇట్టే తెలిసిపోతుంది.

సీఎఫ్ఓ వచ్చాక ప్లాంట్లు ఎక్కువగా చచ్చేది క్యాంపు ఆఖరి రోజున. టాయిలెట్లన్నీ ఒకేసారి యాసిడ్, బ్లీచింగ్ పోసి కడుగుతారు, అదంతా సూక్ష్మజీవులు ఉండే ఏరేషన్ ట్యాంకులోకి వచ్చి పడుతుంది. ఆ రోజు కడిగిన నీళ్లను ఈక్వలైజేషన్ ట్యాంకులో ఆపి, పీహెచ్, క్లోరిన్ చూసుకుని రెండు మూడు రోజుల్లో కొద్దికొద్దిగా వదలండి. ఆ తర్వాత ఖాళీ నెలల్లోనూ నడుస్తున్న వరస బ్లోయర్‌ను పూర్తిగా ఆపకుండా, టైమర్ పెట్టి రెండు గంటలకోసారి పావుగంట తిప్పండి.