హోరాహోరీ ర్యాప్ బ్యాటిల్‌లో గెలిచిందెవరో తేల్చడం ఎలా?

ఇద్దరు ర్యాపర్లు జనం ముందు ఒకరినొకరు మాటలతో ఏకేసుకునే పోటీయే ర్యాప్ బ్యాటిల్. ఒకడు ఇంకొకణ్ణి ఉతికి ఆరేసిన బ్యాటిల్‌కి జడ్జి అక్కర్లేదు. 1981లో న్యూయార్క్‌లోని హార్లెమ్ వరల్డ్ క్లబ్బులో బిజీ బీ అనే ర్యాపర్ని కూల్ మో డీ అనే ఇంకో ర్యాపర్ ఏం చేశాడో ఆ పాత టేపు వింటే ఎవరికైనా అర్థమవుతుంది, ర్యాప్ అంటే ఏంటో తెలియని మా అమ్మ కూడా గెలిచిందెవరో చెప్పేస్తుంది. తలనొప్పంతా నువ్వా నేనా అన్నట్టు సాగిన వాటితోనే. మొదటి రౌండ్ ఒకడిది, రెండోది ఇంకొకడిది, ఇక మూడోదాని మీద మా వాట్సాప్ గ్రూపులో రాత్రి రెండింటిదాకా కొట్టుకుంటాం, తెల్లారితే అందరికీ ఆఫీసు. ఆ గొడవల్లో తిట్లు తిని నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు కాగితం, పెన్ను తీసుకోండి. ఫోన్లో నోట్స్ వద్దు, టైప్ చేసేలోపు నాలుగు లైన్లు పోతాయి. అమెరికాలో యూఆర్‌ఎల్ (అల్టిమేట్ ర్యాప్ లీగ్) లాంటి లీగుల్లో మామూలుగా మూడు రౌండ్లు, వెనక బీట్ ఉండదు, ఇద్దరూ చాలావరకు ముందే రాసుకుని బట్టీ పట్టి వస్తారు. కాబట్టి కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత, రౌండ్‌కో అడ్డగీత. లైను తగిలితే టిక్కు, గట్టిగా తగిలితే స్టారు, తడబడితే ‘త’, వింటూ వింటూ మీ బుర్ర ఎటో వెళ్లిపోతే సున్నా. ఈ సున్నాలే తర్వాత పనికొస్తాయి, ఎందుకంటే మంచి లైన్లు అందరికీ గుర్తుంటాయి కానీ మధ్యలో అర నిమిషం సొల్లు నడిచిందన్న సంగతి ఎవడికీ గుర్తుండదు. ఒక రౌండ్‌లో ఇద్దరిదీ అయిపోగానే వీడియో ఆపి అది ఎవరిదో అక్కడే రాసెయ్యండి. మొత్తం చూశాక రాద్దాంలే అనుకుంటే చివరి రౌండ్ మిగతా రెంటినీ మింగేస్తుంది.

ఇప్పుడు అసలు పని, లైన్లు తూకం వేయడం. నేను వాడే పరీక్ష ఒక్కటే: ఈ లైను ఎదుటివాడికి తప్ప ఇంకెవరికైనా పనికొస్తుందా? తెలుగులోనే ఒక ఉదాహరణ అల్లి చెప్తాను. ఒకడు వచ్చి ‘నీ పాటకి దరువు లేదు, నీ మాటకి బరువు లేదు, ఈ స్టేజీ మీద నీకు పరువు లేదు’ అన్నాడనుకోండి. చెవికి బాగుంది, జనం అరుస్తారు కూడా. కానీ ఇది ఎవణ్ణైనా అనొచ్చు, పక్కింటి కుర్రాణ్ణి కూడా. ఇప్పుడు ఎదుటివాడు ఎప్పుడూ బస్తీ కష్టాలు చెప్పుకునే రకం, కానీ వాళ్ల నాన్నకి అదే బస్తీలో నాలుగు బిల్డింగులున్నాయి అనుకుందాం. వాణ్ణి పట్టుకుని ‘నీ బస్తీ కథలన్నీ అద్దెకు తెచ్చుకున్నవే, ఆ అద్దె కూడా మీ నాన్న జేబులోకే పోతుంది’ అంటే? ప్రాస తక్కువే, అయినా నా కాగితం మీద మొదటిదానికి టిక్కు, రెండోదానికి స్టారు. రెండోది ఆ మనిషి కోసమే కుట్టిన చొక్కా. అద్దె అన్న మాట రెండు అర్థాల్లో పని చేసింది, పైగా వాడు చెప్పుకునే కథ మొత్తం కూలిపోయింది. దీన్నే యాంగిల్ అంటారు. పంచ్‌లు సమానంగా పడినప్పుడు ఎవరి యాంగిల్ నిజంగా గుచ్చుకుందో చూడండి, చాలాసార్లు ముడి అక్కడే విడిపోతుంది.

జనం అరుపుల సంగతి. హాల్లో ఉన్నవాళ్లకి ఒక బ్యాటిల్ కనిపిస్తుంది, ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికి ఇంకోటి. అరుపుల్ని పూర్తిగా తీసేయమని నేను చెప్పను, గదిని గుప్పిట్లో పెట్టుకోవడం కూడా విద్యే, కాకపోతే సొంత ఊళ్లో ఆడేవాడికి సగం అరుపులు ఉచితంగా వస్తాయి. వేషాలూ అంతే. 2012లో యూఆర్‌ఎల్ వాళ్ల సమ్మర్ మ్యాడ్‌నెస్ 2 ఈవెంట్‌లో కాలికోతో బ్యాటిల్‌కి లోడెడ్ లక్స్ సూటేసుకుని, శవపేటికతో సహా దిగాడు. పెట్టెకి మార్కులు లేవు. ఆ అంత్యక్రియల వాతావరణాన్ని మాటల్లోకి లాగాడు చూడండి, మార్కులు దానికి. అందుకే వీలైతే రెండోసారి చూడండి, రెండు రోజులాగి, ఒంటరిగా. నా తీర్పుల్లో మారినవన్నీ రెండోసారి చూసినప్పుడు మారినవే.

తడబాటుకి ఎంత కోత? మాట ఒక్క క్షణం తట్టుకుని మళ్లీ అందుకుంటే నేను పట్టించుకోను. లైను మర్చిపోయి, కళ్లు మూసుకుని, జనం చప్పట్లు కొట్టి ధైర్యం చెప్పేదాకా వస్తే దాన్ని చోక్ అంటారు, దగ్గరి పోటీలో ఆ రౌండ్ పోయినట్టే, ముందు ఎంత బాగా చెప్పినా సరే. ఇక 2012లోనే డిజాస్టర్ అనే ర్యాపర్ మీద ఆడుతూ కానిబస్ మధ్యలో నోట్‌ప్యాడ్ తీసి చదవడం మొదలుపెట్టాడు, అలాంటివాటికి లెక్కలు కూడా అనవసరం.

ఎవరు ముందు మొదలుపెట్టారన్నది చాలామంది మర్చిపోతారు. రెండో మనిషికి జవాబు చెప్పే అవకాశం ప్రతి రౌండ్‌లోనూ ఉంటుంది, ముందు మొదలుపెట్టినవాడికి మొదటి రౌండ్‌లో ఎదురు చెప్పడానికి ఏమీ ఉండదు. అక్కడికక్కడ పుట్టిన జవాబుకి విలువ ఇవ్వాల్సిందే, కానీ రెండు జవాబులు పేలాయని మిగతా రౌండ్ నీరసంగా ఉన్నా గెలిపించేయకండి. నిడివి కూడా చూడండి. ఒకడు మూడు నిమిషాల్లో ముగించి, ఇంకొకడు ఐదు నిమిషాలు లాగితే టిక్కులు సహజంగానే ఎక్కువ పడతాయి.

చివరిది, మీ సంగతి. 1985లో న్యూ మ్యూజిక్ సెమినార్ పోటీలో పదిహేనేళ్ల రోక్సాన్ షాంటే బిజీ బీ చేతిలో ఓడిపోయింది, అవును, ఆ బిజీ బీనే. జడ్జీల్లో ఒకడైన కర్టిస్ బ్లో కావాలనే తనకు మార్కులు తగ్గించాడని ఆమె ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. ఒక్క జడ్జి మనసులో ముందే ఒకటి అనుకుంటే చాలు, దగ్గరి పోటీ అటు తిరిగిపోతుంది. మనకీ ఇది కొత్త కాదు, తిరుపతి వేంకట కవులు, కొప్పరపు కవుల రోజుల్లో పద్యం వినకముందే ఏ పక్షమో తేల్చుకుని కూర్చున్నవాళ్లు తక్కువేం కాదు. నాకు హాస్యం పండించేవాళ్లంటే బలహీనత, అది తెలుసు కాబట్టి నవ్వొచ్చిన లైనుకి టిక్కు పెట్టే ముందు ఒకసారి ఆగుతాను.

ఇన్ని చేసినా మూడో రౌండ్ తేలకపోతే రెండు కాలమ్‌లలో సున్నాలు లెక్కపెట్టండి, తక్కువున్నవాడికి ఇచ్చేయండి. ఏ రౌండ్ ఊగిసలాటలో ఉందో కూడా చెప్పండి: ‘2-1, మూడోది అటూ ఇటూ ఉంది, ఫలానా లైను వల్ల ఇతనికిచ్చాను’ అని. ఉత్తినే ‘3-0, క్లియర్’ అని పెట్టకండి. నేనోసారి అలా పెట్టి, వారం తర్వాత మళ్లీ చూసి మెల్లగా 2-1 అటువైపు మార్చుకున్నాను. ఆ స్క్రీన్‌షాట్ మా బావ ఇప్పటికీ దాచుకున్నాడు, ఏ బ్యాటిల్ గురించి నోరు తెరిచినా ముందు అదే పంపిస్తాడు.