అమెరికా నిరసన వార్త రాసే ముందు

ఇంటర్నేషనల్ డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే. అమెరికా నుంచి ర్యాలీ ఫొటో రాగానే ‘సంప్రదాయవాదుల ఆందోళన’ అని శీర్షిక కొట్టి పేజీ వదిలేయకండి. జనం కోపం ఎవరి మీదో తేల్చుకున్నాకే రాయడం మొదలుపెట్టండి.

పసుపు జెండా, దాని మీద చుట్ట చుట్టుకున్న పాము కనిపిస్తే చాలామంది టీ పార్టీ ఉద్యమం అని రాసేస్తారు. అది 1775 నాటి గాడ్స్‌డెన్ జెండా. 2009లో పన్నుల మీద, ప్రభుత్వ ఖర్చు మీద కోపంతో టీ పార్టీ వాళ్లు దాన్ని పట్టుకున్నారు. 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు క్యాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) మీద దాడి చేసినప్పుడూ అదే ఎగిరింది. అందుకే జెండా కంటే తేదీ, డిమాండు ముఖ్యం.

టీ పార్టీ నేపథ్యానికి 2009 ఫిబ్రవరి 19 నుంచి మొదలుపెట్టండి. ఎవరో ఎగ్గొట్టిన ఇంటి లోన్ల భారం మనమెందుకు మోయాలని షికాగో ట్రేడింగ్ ఫ్లోర్ నుంచి సీఎన్‌బీసీ విలేకరి రిక్ శాంటెల్లీ లైవ్‌లోనే మండిపడ్డాడు. ఏప్రిల్ 15న, అంటే ట్యాక్స్ రిటర్నుల ఆఖరి రోజున, వందల ఊళ్లలో జనం రోడ్డెక్కారు. వాళ్లను కిరాయి జనం అనకండి. పన్నులు, ప్రభుత్వ ఖర్చు తగ్గించాలనే ఫ్రీడమ్‌వర్క్స్ లాంటి సంస్థలు వెనక ఉన్న మాట నిజమే, కానీ వచ్చినవాళ్లు సొంత కోపంతోనే వచ్చారు. రెండూ రాయాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అదే ఏడాది సౌత్ కరోలినాలో అమెరికా కాంగ్రెస్‌లో రిపబ్లికన్ సభ్యుడు బాబ్ ఇంగ్లిస్ పెట్టిన సభలో జనంలోంచి వినిపించిన మాట: నా మెడికేర్ జోలికి ప్రభుత్వం రావొద్దు! మెడికేర్ అంటే ప్రధానంగా వృద్ధుల ఆరోగ్య బీమా, దాన్ని నడిపేదే ప్రభుత్వం. ఆ మాటను తెలివితక్కువదిగా రాస్తే అసలు సంగతి జారిపోతుంది. జీవితమంతా జీతంలోంచి కట్టాం కాబట్టి అది మాది, ఊరికే ఇంకొకళ్లకు ఇచ్చేదే ప్రభుత్వ ఖర్చు. వాళ్ల లెక్క అది. ఫ్రీడమ్‌వర్క్స్ లాంటి పెద్ద సంస్థలు ఆ ఉద్యమంలో ప్రభుత్వ ఖర్చు తగ్గించాలన్న కోరికనే చూశాయి. జనం మాత్రం ఎవరికి హక్కుంది, ఎవరికి లేదు అని అడుగుతున్నారు.

2014లో వర్జీనియాలో రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ప్రతినిధుల సభ మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్‌ను డేవ్ బ్రాట్ అనే ఎకనమిక్స్ ప్రొఫెసర్ ఓడించాడు. అక్కడ వలసలు పెద్ద అంశం. మరుసటి ఏడాది ట్రంప్ మెడికేర్, సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) కోయనంటూనే సరిహద్దు, విదేశీ వాణిజ్యం మీద దాడికి దిగాడు. పన్నులొద్దన్న వర్గంలోనే టారిఫ్‌లకు చప్పట్లు పడ్డాయి. టారిఫ్ కూడా పన్నే. 2024 మేలో ఫ్రీడమ్‌వర్క్స్ మూతపడింది.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించినప్పుడు మన పాఠకులకు ఎంత టెన్షనో మీకు తెలుసు. అలాంటి రోజున వీసా లెక్కల పక్కనే ఈ నేపథ్యానికీ నాలుగు వాక్యాలు కేటాయించండి. చోటు లేదంటే ఫొటో చిన్నది చేయండి.