పగిలిన టైల్స్‌తో పూలకుండీకి కొత్త లుక్

మిగిలిపోయిన టైల్స్, పగిలిన ముక్కలు పారేయకండి, పాత మట్టి కుండీకి అతికిస్తే భలే ఉంటుంది. టైల్‌ని పాత టవల్లో చుట్టి సుత్తితో మెల్లగా కొట్టండి, కళ్ళకి గాగుల్స్, చేతులకి గ్లౌజులు మాత్రం ఉండాల్సిందే. గుండ్రటి కుండీ కదా, చిన్న ముక్కలైతేనే సరిగ్గా కూర్చుంటాయి, పెద్దవి పెడితే అంచులు లేచి చేతికి గీసుకుంటాయి. ముందు నేల మీద పేర్చి డిజైన్ చూసుకుని అప్పుడు టైల్ అడెసివ్ రాసి మధ్యలో 2-3 మి.మీ. గ్యాప్ వదిలి అంటించండి. 24 గంటలు ఆరనిచ్చి గ్రౌట్ (ముక్కల మధ్య గ్యాప్ నింపే పేస్ట్) పూయండి. అది కాస్త గట్టిపడగానే ముక్కల మీద అంటినదాన్ని తడి స్పాంజితో తుడిచేయాలి, ఇక్కడే నేను ఫోన్లో మాట్లాడుతూ కూర్చుని తర్వాత గంటసేపు గీకాను. గ్రౌట్ ముదురు రంగుదైతే మరక కనపడదు, నా ఓటు దానికే. అన్నట్టు అడుగున నీళ్ళు పోయే రంధ్రం మూసేయకండేం!