కరాటేలో అరికాలి వంపు నొప్పి: నాకు ఎలా తగ్గిందంటే

నెల్లూరులో మేం కరాటే చేసేది మేడ మీద, సిమెంటు నేల, వట్టి కాళ్లు. మావాషి గెరి (పక్క నుంచి కాలు తిప్పి కొట్టే కిక్కు) కొట్టేటప్పుడు నిలబడిన కాలు తిరగ్గానే అరికాలి వంపులో చురుక్కుమనేది. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగు అయితే నరకం.

బామ్, ఉప్పు వేసిన వేన్నీళ్లు, వారం రెస్టు, మెత్తటి చెప్పులు, ఏదీ నిలవలేదు. మైపాడు బీచ్ ఇసుకలో పరుగు ఇంకా పెంచింది.

పనిచేసింది ఇది. పొద్దున కాలు కింద పెట్టకముందే, మంచం మీదే, నొప్పి కాలిని రెండో మోకాలి మీద వేసుకుని వేళ్లను పైకి, కాలి ముందు ఎముక వైపు లాగి 10 లెక్కపెట్టాలి. అలా 10 సార్లు. సరిగ్గా లాగితే అరికాల్లో ఒక పట్టీ తాడులా బిగుసుకుని రెండో చేతికి తగులుతుంది. తగల్లేదంటే లాగనట్టే.

సాయంత్రం, రోజు విడిచి రోజు, మెట్టు మీద తువాలు చుట్టగా పెట్టి, దాని మీద వేళ్లు పైకి వంగేలా ఆనించి, ఒంటికాలి మీద మడమ లేపడం. 3 లెక్కపెడుతూ పైకి, 2 ఆగి, 3 లెక్కపెడుతూ కిందికి. 12 చేయాలి, నాకు గోడ పట్టుకున్నా మొదట ఆరు దాటలేదు. తువాలు ఊడిపోతుంటే రెండు రబ్బరు బ్యాండ్లు వేశాను.

ఆరో వారానికి పొద్దుటి నొప్పి పోయింది. కిక్కుల్లో పోవడానికి మూడు నెలలు పట్టింది. అన్నాళ్లూ గెంతులు మానేసి కటాలే (ఒంటరిగా వరసగా చేసే కరాటే కదలికలు) చేశాను కాబట్టి, దేనివల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేను. నాది చదును పాదం కూడా కాదు. వాపు, తిమ్మిరి ఉన్నవాళ్లు మాత్రం ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి.