షుగరు ఉన్నవారు చిగుళ్ళను కాపాడుకోవడం ఎలా?

ఒకనాటి సాయంత్రం మా అమ్మ కొరికి పక్కన పెట్టిన జామకాయ తెల్లటి గుజ్జు మీద, పంటి గాటు వెంబడి, సన్నటి ఎర్రటి గీత కనిపించింది. ఏమిటని అడిగితే, ‘అది ఎప్పుడూ వచ్చేదే, చిగుళ్ళు కాస్త మెత్తబడ్డాయి’ అన్నది. అప్పటికి ఆమెకు షుగరు వచ్చి తొమ్మిదేళ్ళు. పరగడుపు పరీక్ష, మూడు నెలలకొకసారి, గడచిన రెండు మూడు నెలల షుగరు సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ, ఏడాదికొకసారి కంటి పరీక్ష, పాదాల పరీక్ష అన్నీ క్రమం తప్పకుండా చేయించుకుంటూనే ఉన్నది. ఆ తొమ్మిదేళ్ళలో ఆమెను నోరు తెరవమని అడిగినవారు ఒక్కరూ లేరు. చూడమని కోరాలన్న ఆలోచన మాకూ రాలేదు. మందులు మార్చినా, రాత్రిపూట అన్నం మాని జొన్నరొట్టెకు మారినా హెచ్‌బీఏ1సీ ఎనిమిదిన్నర దగ్గరే నిలిచిపోవడానికి చిగుళ్ళు కూడా ఒక కారణం కావచ్చునని పళ్ళ డాక్టరు చెప్పేదాకా మాకు తెలియలేదు. షుగరు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలిసి ఉండాలన్న తపనతో ఇది రాస్తున్నాను.

చిగుళ్ళకూ షుగరుకూ ఉన్న లంకె

పళ్ళు తోమిన కొద్ది గంటలకే వాటి మీద బాక్టీరియా మళ్ళీ పొరగా చేరడం మొదలవుతుంది. తెల్లవారి నాలుకతో తడిమితే జిగటగా తగిలే ఆ పొరనే పాచి అంటాము. దానిని రోజూ తీసివేయకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు అందులో చేరి రాయిలా గట్టిపడతాయి, అదే గార. పాచి బ్రష్షుకు లొంగుతుంది, గార లొంగదు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో దంతవైద్య పరిశోధకుడు హారాల్డ్ లోయె బృందం ఆరోగ్యవంతులైన 12 మందిని పళ్ళు తోముకోవడం మానేయమని కోరి పరిశీలించినప్పుడు, 10 నుంచి 21 రోజుల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ శుభ్రంగా తోముకోవడం మొదలుపెట్టిన వారం పది రోజులకు ఆ వాపు తగ్గిపోయింది. చిగుళ్ళ వాపుకు అసలు కారణం పాచి అని తేల్చిన పరిశోధన అది. తొలిదశలో ఈ జబ్బును పూర్తిగా వెనక్కి మళ్ళించవచ్చునన్న ధైర్యం కూడా దాని నుంచే వచ్చింది.

పంటికీ చిగురుకూ మధ్య సహజంగా ఉండే సందు లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. వాపు ముదిరితే ఆ సందు 5, 6 మిల్లీమీటర్ల లోతుకు దిగి సంచిలా మారుతుంది. పళ్ళ డాక్టర్లు దీనిని పాకెట్ అంటారు. అందులోకి గాలి సరిగా చొరదు కనుక, ఆక్సిజన్ గిట్టని పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటి హానికర బాక్టీరియాకు అది అనువైన చోటు. ఈ బాక్టీరియా వదిలే ఎంజైములు చిగురును లోపలి నుంచి తినేస్తాయి. వాటిని ఎదుర్కోవడానికి శరీరం చేసే పోరాటంలో పంటిని పట్టి నిలిపే ఎముక కూడా కరిగిపోతుంది. మన పెద్దలు పయోరియా అన్నది దీనినే. కరిగిన ఎముక తనంతట తాను తిరిగి రాదు.

ఇక్కడ ఒక్క విషయం నిదానంగా ఆలోచించాలి. పాకెట్ లోపలి గోడ పుండు పడి ఉంటుంది. నోటిలోని పళ్ళన్నిటి చుట్టూ ఉన్న ఆ పుండును ఒకచోట పరిచి చూడగలిగితే అది కొన్ని చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంత పుండు పాదం మీద ఉంటే షుగరు ఉన్నవారు ఒక్క రోజు కూడా ఆగరు, కట్టు కట్టించుకోవడానికి పరుగెత్తుతారు. నోటిలో ఉన్నది కంటికి కనిపించదు, పెద్దగా నొప్పి పెట్టదు కనుక ఏళ్ళ తరబడి మోస్తూ ఉంటారు. ఆ పుండు ద్వారా నమిలినప్పుడల్లా కొంత బాక్టీరియా రక్తంలోకి వెళుతుంది. వాపు వల్ల పుట్టే రసాయనాలు కూడా రక్తంలో తిరుగుతూ, ఇన్సులిన్ మాటను కండరాలు, కాలేయం సరిగా వినకుండా చేస్తాయి. అప్పుడు షుగరు పెరుగుతుంది. షుగరు పెరిగితే తెల్లరక్తకణాల పోరాటశక్తి తగ్గుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది, చిగుళ్ళు ఇంకా పాడవుతాయి. పైన చెప్పిన లోయెయే 1993లో కళ్ళు, మూత్రపిండాలు, నరాలు మొదలైన వాటితో పాటు చిగుళ్ళ జబ్బును మధుమేహం తెచ్చే ఆరవ చిక్కుగా లెక్కించాలని రాశారు.

చిగుళ్ళకు చికిత్స చేస్తే షుగరు తగ్గుతుందా అన్నదానికి కూడా ఆధారం ఉంది. అనేక వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించి 2022లో వెలువరించిన కోక్రేన్ సమీక్ష ప్రకారం, చిగురు కింది గారను కూడా తీసే లోతైన క్లీనింగ్ చేయించుకున్నవారిలో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గింది. అంటే 8.5 ఉన్నవారికి ఇంచుమించు 8.1 అవుతుంది. ఇది సగటు మాత్రమే, అందరికీ ఇంతే తగ్గుతుందని కాదు. మందులు మానడానికి ఇది కారణమూ కాదు. అయినా, అదనంగా ఒక్క మాత్ర కూడా మింగకుండా వచ్చే ఈ తగ్గుదల నా దృష్టిలో చాలా విలువైనది.

గుండె విషయంలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. చిగుళ్ళ జబ్బు ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపిస్తున్నాయన్నది నిజం; చిగుళ్ళ జబ్బే వాటిని తెస్తుందని మాత్రం రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో స్పష్టంగా చెప్పింది. చిగుళ్ళ జబ్బు వల్ల అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు వస్తుందన్న మాటలనూ ఇప్పటికి అలాగే తీసుకోవాలి. ఊపిరితిత్తుల విషయం వేరు. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాలలో రెండేళ్ళ పాటు జరిగిన పరిశోధనలో, రోజూ భోజనం తరువాత సిబ్బంది పళ్ళు శుభ్రం చేసిన వృద్ధులలో 11 శాతం మందికి, అలా చేయనివారిలో 19 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. మంచానపడిన పెద్దలు మన ఇంట్లో ఉంటే, వారిని తలగడ ఎత్తుపెట్టి కూర్చోబెట్టి, తడి గుడ్డ చుట్టిన వేలితోనో మెత్తటి బ్రష్షుతోనో పళ్ళు, చిగుళ్ళు, నాలుక రోజుకు రెండుసార్లు తుడవాలి. కట్టుడు పళ్ళు ఉంటే రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో ఉంచాలి.

ముందు మీ నోటిని మీరే చూసుకోండి

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చిన్న అద్దం పట్టుకొని, కింది పెదవిని వేళ్ళతో కిందికి లాగి చూడండి. ఆరోగ్యంగా ఉన్న చిగురు గట్టిగా, పంటిని అంటిపెట్టుకొని, అంచు పలుచగా ఉంటుంది. రంగు మనిషిని బట్టి లేత గులాబీ నుంచి గోధుమ, నలుపు దాకా ఉండవచ్చు. కనుక రంగు కంటే అంచును చూడటం ముఖ్యం. అంచు ఉబ్బి, మెరుస్తూ, ముదురు ఎరుపుగా ఉంటే వాపు ఉన్నట్లే. తోమినప్పుడు నెత్తురు రావడం, వేలితో నొక్కితే చీము కనిపించడం, పొద్దున నోటిలో ఉప్పగానో చేదుగానో రుచి తగలడం, ఇదివరకు లేని సందులు పళ్ళ మధ్య ఏర్పడి మెతుకులు ఇరుక్కోవడం, పళ్ళు పొడవైనట్లు కనిపించడం ఇవన్నీ గమనించవలసినవే.

చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారు నెత్తురు రావడం లేదు కదా అని ధీమాగా ఉండకూడదు. నికోటిన్ వల్ల చిగుళ్ళలోని రక్తనాళాలు ముడుచుకొని నెత్తురు తక్కువగా వస్తుంది. లోపల జబ్బు ముదురుతూనే ఉంటుంది. బీపీకి అమ్లోడిపిన్ వాడే కొందరిలో చిగుళ్ళు కండ పెరిగినట్లు లావెక్కుతాయి. అలా ఉంటే మాత్ర మీరే ఆపకుండా, రాసిచ్చిన డాక్టరుకు చూపించండి.

తోముకొనే పద్ధతి

గట్టిగా తోమితేనే శుభ్రమవుతుందన్న నమ్మకం మనలో బాగా నాటుకుపోయింది. పాచి మెత్తటిది, దానికి బలం అక్కరలేదు, బ్రష్షు దాన్ని చేరితే చాలు. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్షు తీసుకొని, శనగగింజంత ఫ్లోరైడ్ పేస్టు వేసి, కుచ్చును పంటికీ చిగురుకూ కలిసే గీత మీద వాలుగా ఆనించండి. సగం కుచ్చు పంటి మీద, సగం చిగురు అంచు మీద ఉండాలి. అక్కడే రెండు మూడు పళ్ళ మేర చిన్నగా కదిపి, తరువాత ముందుకు జరగండి. బయటి వైపు పూర్తయ్యాక లోపలి వైపు కూడా అలాగే చేయండి. కింది ముందుపళ్ళ వెనుక భాగాన్ని అందరూ వదిలేస్తారు, గార ఎక్కువగా పట్టేదీ అక్కడే. అక్కడికి బ్రష్షును నిలువుగా పట్టుకొని పోనివ్వాలి. మొత్తం రెండు నిమిషాలు, పొద్దున ఒకసారి, రాత్రి భోజనం తరువాత ఒకసారి. ఒక్క పూటే వీలైతే రాత్రి పూటను ఎంచుకోండి, నిద్రలో లాలాజలం తగ్గి బాక్టీరియాకు ఎదురు ఉండదు.

నెత్తురు వస్తోందని ఆ చోటును తోమకుండా వదిలేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నెత్తురు వచ్చేది పాచి ఉన్నచోటే కనుక అక్కడే మరింత శ్రద్ధగా, మెత్తగా తోమాలి. పది రోజులు ఇలా చేసినా తగ్గకపోతే లోపల గార ఉండవచ్చు, పళ్ళ డాక్టరుకు చూపించాలి.

పళ్ళ సందుల్లోకి మామూలు బ్రష్షు వెళ్ళదు. సీసాలు కడిగే బ్రష్షుకు చిన్న నమూనాలా ఉండే సందుల బ్రష్షులు మందుల దుకాణాలలో దొరుకుతాయి. సందుకు సరిపోయే సైజు పళ్ళ డాక్టరు చెబుతారు. రోజుకు ఒకసారి రాత్రి వాడితే చాలు. పిన్నీసు, గుండుసూది, చీపురుపుల్ల మాత్రం నోటిలో పెట్టవద్దు, షుగరు ఉన్నవారికి ఆ చిన్న గాయమే చీము పడుతుంది. వేపపుల్ల అలవాటు ఉన్నవారు చివరను బాగా నమిలి కుచ్చులా చేసి వాడుకోవచ్చు గాని, అది సందులకూ పంటి వెనుకకూ సరిగా చేరదు. కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి పంటిని అరగదీస్తాయి. డాక్టరు రాసిచ్చే క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందును చెప్పిన రోజులే వాడాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు మరకలు పడతాయి, రుచి మారుతుంది.

పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయంతో మా అమ్మ మూడు నెలలు వాయిదా వేసింది. కుర్చీలో కూర్చున్నాక ఆమె కింది ముందుపళ్ళ వెనుక నుంచి ఊడివచ్చిన గార ముక్కను డాక్టరు దూది మీద పెట్టి చూపించారు: బియ్యపు నూకంత ఉన్నది, ఒక పక్క పసుపు, చిగురు కింద ఉన్న పక్క నల్లగా ఉన్నది. ఎముక కరిగి అప్పటికే వదులైన పళ్ళ మధ్య గార సిమెంటులా నిలిచి ఉంటుంది. దాన్ని తీసినప్పుడు ఆ వదులు బయటపడుతుంది, అంతేగాని క్లీనింగ్ దాన్ని తేలేదు. వాపు దిగి చిగురు సర్దుకున్నాక చాలా పళ్ళు కొంత గట్టిపడతాయి. నాలుగైదు రోజులు చల్లటి నీళ్ళకు జివ్వుమనడం మామూలే.

షుగరు ఉన్నవారు పొద్దుటి పూట సమయం తీసుకోవడం మంచిది. టిఫిను తిని, మాత్రలో ఇన్సులినో మామూలుగా వాడి వెళ్ళాలి. ఖాళీ కడుపుతో వెళితే కుర్చీలోనే షుగరు పడిపోవచ్చు. తాజా హెచ్‌బీఏ1సీ కాగితం, వాడుతున్న మందులన్నిటి చీటీ వెంట ఉండాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచబరిచే మందులను గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవారు, ఇదివరకు గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ సోకినవారు ఆ విషయం ముందే చెప్పాలి, వారికి క్లీనింగుకు ముందు యాంటీబయాటిక్ ఇవ్వవలసి ఉంటుంది. ఖర్చుకు వెనుకాడేవారికి హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి.

దవడ వాచి జ్వరం రావడం, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టమవడం కనిపిస్తే క్లీనింగు సమయం కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

పాకెట్ లోతులు కొలిచినప్పుడు ఆ అంకెలను కాగితం మీద రాయించుకొని షుగరు ఫైలులోనే పెట్టండి. మూడు నెలలకు మళ్ళీ కొలిపించి, అదే వారంలో హెచ్‌బీఏ1సీ కూడా చేయించి, రెండు కాగితాలూ షుగరు డాక్టరు ముందు ఉంచండి. మా అమ్మకు రెండు పళ్ళు నిలవలేదు, తీసివేయవలసి వచ్చింది. మిగిలిన వాటిలో పాకెట్ లోతు 6 మిల్లీమీటర్లు ఉన్నచోట్ల చాలావరకు 4కు దిగింది, హెచ్‌బీఏ1సీ 8.5 నుంచి 7.9కి వచ్చింది. ఆ అంకెలు చూసిన షుగరు డాక్టరు మొదటిసారిగా ఆమెను నోరు తెరిచి చూపించమని అడిగారు.